కొబ్బరి డొక్క, జీడి తొక్క కషాయాలకు క్రిములు చస్తాయా? తాగొచ్చా, చెరువులో పోయొచ్చా?

ప్రశ్న అడిగినాయనది రాజోలు వైపు. దొడ్లో కొబ్బరి డొక్కలు, అంటే కాయ వలిస్తే వచ్చే పీచు తొక్కలు, గుట్టలుగా పడి ఉన్నాయట. వాళ్లమ్మగారు మోరిలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తారు, కాబట్టి జీడి తొక్కలకూ కొదవ లేదు. గింజల పెంకుల్లో, తొక్కల్లో యాంటీఆక్సిడెంట్లు (గాలికి చెడిపోకుండా ఆపేవి), బ్యాక్టీరియాని చంపే గుణాలు ఉన్నాయని ఒక వీడియోలో చూశారు, అందులో ఏదో ఆకుపచ్చ తొక్క కూడా చూపించారట. అది నిజమేనా, ఆ కషాయం తాగొచ్చా, సబ్బులో కలిపి అమ్మొచ్చా, రొయ్యల చెరువులో యాంటీబయోటిక్ బదులు పోయొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేసి తర్వాత తీరిగ్గా మాట్లాడతాను. గుణాలు ఉన్న మాట నిజం. తాగడం వద్దు. చెరువులో అసలు వద్దు. సబ్బులో కలిపితే పెద్ద నష్టం లేదు, మీరనుకునే లాభమూ లేదు. జీడి తొక్కని మాత్రం ఇంట్లో పొయ్యి మీద పెట్టే ఆలోచనే మానేయండి.

నేను అమలాపురం దగ్గర డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్పి రిటైరయ్యాను. ప్రాజెక్టు రోజులొస్తే ఏటా కనీసం ఒక బృందమైనా సంచీలో డొక్కలేసుకుని ల్యాబుకి వచ్చేది. కోనసీమలో ఖర్చు లేకుండా దొరికే ముడిసరుకు అదే మరి. అందుకని ఈ విషయంలో నాకు తెలిసినదాంట్లో సగం ఆ పిల్లల తప్పుల వల్లే తెలిసింది.

మొదట డొక్క సంగతి. మీ ఊళ్లో కొబ్బరికాయలు వలిచేవాళ్ల అరచేతులు చూడండి. ఎంత తోమినా పోని నలుపు గోధుమరంగు ఉంటుంది. నిలబెట్టిన గునపం మొన కూడా నల్లబడుతుంది. పచ్చి బొండం నీళ్లు తెల్ల చొక్కా మీద పడితే మర్నాటికి మరక తేలుతుంది. ఇదంతా టానిన్ అనే వగరు పదార్థం పని. టానిన్‌కి ఇనుము తగిలితే నలుపు. పూర్వం కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసుకున్నదీ, పెడన కలంకారీలో కరక్కాయ పెట్టిన గుడ్డ మీద తుప్పు నీళ్లతో నల్లగీత అద్దేదీ ఇదే రసాయనంతో. మీరూ చేసి చూడొచ్చు. ఎండు డొక్కని చీల్చి, గుప్పెడు పీచూ పొట్టూ వేడినీళ్లలో అరగంట నానబెట్టి వడగట్టండి. టీ రంగు నీళ్లొస్తాయి. అందులో చిటికెడు అన్నభేది వేయండి. నిమిషంలో ముదురు ఆకుపచ్చగా మొదలై నల్లగా మారిపోతుంది. కరక్కాయ నీళ్లయితే నీలం కలిసిన నలుపు వస్తుంది. ఆ రంగు తేడా చూసే టానిన్ ఏ రకమో మేం మొదటి అంచనా వేసేవాళ్లం.

డొక్కలో ఉన్నవి కెటెచిన్, ఎపికెటెచిన్ అనే చిన్న అణువులు, అవి గొలుసుల్లా కలిసి ఏర్పడ్డ టానిన్లు. టీ ఆకులో ఉండేవాళ్ల చుట్టాలే. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో కొబ్బరి పీచు కషాయం విరేచనాలకు తాగే నాటు అలవాటు ఉంది. అక్కడి పరిశోధకులు 2002లో ఆ కషాయాన్ని విడదీసి చూసి, అది కురుపులు తెచ్చే స్టాఫిలోకాకస్ ఆరియస్ (క్లుప్తంగా స్టాఫ్) అనే బ్యాక్టీరియా పెరుగుదలని ఆపుతోందని ప్రచురించారు. మీ వీడియోలో చెప్పినవాళ్లు చాలామంది చివరికి ఇలాంటి పేపర్ల మీదే ఆధారపడతారు. పేపరు తప్పు కాదు. పేపర్లో ప్లేటు మీద జరిగింది మనిషి పొట్టలో జరుగుతుందని చెప్పడమే తప్పు.

చెట్టు వీటిని ఎందుకు దాస్తుందో ఆలోచిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. లోపల కొవ్వు నిండిన కొబ్బరి, జీడిపప్పు, వేరుశనగ పప్పు. పురుగుకీ బూజుకీ అంతకంటే విందు లేదు. అందుకని చెట్టు చేదు, వగరు, మంట అన్నీ తీసుకెళ్లి బయటి పొరలో పెట్టింది. అంటే అది కాపలా సరుకు. మన కోసం చేసిన మందు కాదు.

యాంటీఆక్సిడెంట్ అంటే అసలు ఏం కొలుస్తారు? ల్యాబులో డీపీపీహెచ్ అనే పొడి ఉంటుంది. ఆల్కహాలులో కరిగిస్తే నేరేడుపండు రసం రంగు. అందులో మీ కషాయం రెండు చుక్కలు వేస్తే ఊదా రంగు విరిగి పసుపు తిరుగుతుంది. ఎంత విరిగిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు. పిల్లలకి మహా సరదా అయిన ప్రయోగం. డొక్క కషాయం, వేరుశనగ పొట్టు, జీడిపప్పు మీది ఎర్రపొర, మూడూ చిటికెలో రంగు విరగ్గొట్టేవి. కానీ ఒకసారి ఒక అబ్బాయి వాళ్లింట్లో మరిగించిన టీ డికాషన్ కూడా తెచ్చి వేశాడు. అదీ అంతే జోరుగా విరగ్గొట్టింది. వాడు నావైపు చూసి, "మేడమ్, మరి మనం మూణ్ణెల్ల నుంచి డొక్కలు ఎందుకు ఎండబెడుతున్నట్టు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

ఆ రంగు విరగడం గాజు గొట్టంలో జరిగే పని. మనం మింగినప్పుడు ఈ పెద్ద టానిన్ గొలుసులు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. మిగిలింది పెద్దపేగులోని బ్యాక్టీరియా ముక్కలు చేస్తుంది. పైగా టానిన్ అన్నంలోని ఇనుముని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. ఇందాక అన్నభేదితో నల్లబడింది చూశారుగా, పొట్టలోనూ అదే స్నేహం. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి భోజనంతోపాటు చిక్కటి టీ వద్దనేది ఇందుకే.

ఇక బ్యాక్టీరియా. ఇక్కడ కొంచెం సాగదీస్తాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే.

ప్లేటులో క్రిములు పెరిగే అగర్ జెల్లీ పోసి, దాని మీద స్టాఫ్ పరిచి, 6 మిల్లీమీటర్ల చిన్న కాగితం బిళ్లని ఆల్కహాలుతో తీసిన డొక్క సారంలో ముంచి పెడతాం. మర్నాడు బిళ్ల చుట్టూ క్రిములు పెరగని ఖాళీ వలయం కనిపిస్తే పని చేసినట్టు. ఒక ఏడాది మా పిల్లలకి 14 మిల్లీమీటర్ల వలయం వచ్చింది. ఎగిరి గంతేశారు. చార్టులు కూడా రాసేసుకున్నారు. ఉత్త ఆల్కహాలు బిళ్ల పెట్టారా అని అడిగాను. పెట్టలేదు. పెట్టించాను. దానికీ 11 వచ్చింది! సారం తీయడానికి వాడిన ఆల్కహాలు ఆరకుండానే బిళ్ల పెట్టేశారు. క్రిముల్ని చంపిందాంట్లో పెద్ద వాటా డొక్కది కాదు, స్పిరిట్‌ది. బిళ్లల్ని బాగా ఆరబెట్టి మళ్లీ చేస్తే వలయం 9కి దిగింది. ఉంది, కానీ చిన్నది. ఎక్కడైనా ఇలాంటి ఫొటో చూస్తే మీరు వెతకాల్సింది ఆ ఉత్త బిళ్లనే. అది లేని ఫొటోకి విలువ లేదు.

వలయం కన్నా నమ్మకమైన లెక్క ఇంకోటుంది. సారాన్ని సగం, సగంలో సగం, ఇలా పలచన చేసుకుంటూ వెళ్లి, ఎంత తక్కువలో క్రిమి ఆగిందో చూడటం. మా దగ్గర డొక్క సారానికి మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము, అంటే వెయ్యి మైక్రోగ్రాములు పట్టింది. అదే రోజు, అదే స్టాఫ్‌ని ఆపడానికి జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ 1 మైక్రోగ్రాము కూడా పట్టలేదు. అంటే వెయ్యి రెట్లకి పైమాటే. మామూలుగా మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల లోపు ఆపితేనే ఆ సారం మీద ఇంకా శ్రమపడొచ్చంటారు. వెయ్యి దాటితే వదిలేయమంటారు.

ఇంకో ముఖ్యమైన తేడా. స్టాఫ్ లాంటి, గ్రామ్ పాజిటివ్ అనే రకం క్రిములకి గోడ మందమైనా పైన ఇంకో తెర ఉండదు. టానిన్ వాటి ప్రొటీన్లని పట్టేసుకోగలదు. పేగుల్లో ఉండే ఈ-కోలి, రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో లాంటి, గ్రామ్ నెగటివ్ అనే రకం క్రిములకి బయట ఇంకో కొవ్వు తెర ఉంటుంది, అది ఇలాంటి పెద్ద అణువుల్ని లోపలికి రానివ్వదు. మా ప్లేట్లలో ఈ-కోలి డొక్క సారాన్ని లెక్కే చేయలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చెరువు దగ్గరికి వచ్చాక పనికొస్తుంది.

ఇప్పుడు తాగే సంగతి. మీ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉందనుకోండి. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున అందులో ఉండాలంటే 5 గ్రాముల ఎండు సారం, ఒక్క రవ్వ కూడా పేగులో ఆగిపోకుండా, మొత్తం రక్తంలో తేలాలి. మాకు 100 గ్రాముల డొక్క పొడికి వచ్చేది 6 గ్రాముల సారం. రక్తంలోకి వెళ్లేది అందులో ఇసుమంత. మీరు బక్కెట్లు తాగినా ఆ లెక్క తేలదు. ఈలోగా పొట్ట బిగుసుకుపోతుంది. విరేచనాలు ఆగడానికి బ్రెజిల్ వాళ్లకి ఆ వగరుతనం పనికొచ్చి ఉండొచ్చు. మనకి ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంది.

తాగొద్దనడానికి ఇంతకన్నా గట్టి కారణం వేరే ఉంది. బూజు. మన డొక్కలు ఎక్కడ పడుంటాయి? కాలవ గట్టు మీద, వానలో తడిసి, ఎండలో ఆరి, మళ్లీ తడిసి. వేరుశనగ తొక్కలూ గోదాం మూల అంతే. అలాంటి చోట పెరిగే ఆస్పర్జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ వదులుతుంది. కాలేయ క్యాన్సర్‌కి దారితీసే విషం అది. మరిగిస్తే పోదు. ఆల్కహాలుతో సారం తీస్తే పోకపోగా చిక్కబడుతుంది. వేరుశనగల్లో అఫ్లాటాక్సిన్ పరీక్షించే ల్యాబుల్లో ముందు ఆ విషాన్ని బయటికి లాగేది నీళ్లు కలిపిన మిథనాల్‌తోనే. అంటే మంచిని లాగే ద్రవమే చెడునీ లాగుతుంది. దానికితోడు నల్లికో పురుగుకో వేరు ద్వారా మందు పట్టించిన చెట్టు డొక్క ఏదో, పట్టించనిది ఏదో గుట్టలో ఎవరికి తెలుసు?

ఇదే సందర్భంలో ఒక నవ్వొచ్చే సంగతి. ఒక పిల్ల డొక్క నీటి కషాయాన్ని సీసాలో పోసి, "సహజ యాంటీబ్యాక్టీరియల్ ద్రవం" అని చక్కగా చీటీ అంటించి, శుక్రవారం బల్ల మీద పెట్టి వెళ్లింది. సోమవారం తలుపు తీసేసరికి దాని మీద తెల్లటి బూజు మీగడలా తేలుతోంది. క్రిముల్ని చంపాల్సిన కషాయం తనని తాను కాపాడుకోలేకపోయింది. ఆ సీసాని పారేయనివ్వకుండా ఏడాదంతా అల్మారాలో ఉంచి కొత్త బ్యాచ్ వాళ్లకి చూపించాను.

రొయ్యల చెరువు. మీ బాధ నాకు తెలుసు. విబ్రియో పెరిగిందని ల్యాబు కాగితం వస్తుంది, పచ్చ కాలనీలు (క్రిముల గుంపులు) ఇన్ని, పసుపు కాలనీలు ఇన్ని అని. రైతు గుండె జారిపోతుంది. యాంటీబయోటిక్ వేస్తే ఎగుమతిలో దొరికిపోతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి నిషేధం, వాటి ఆనవాలు దొరికితే సరుకు వెనక్కి. అందుకని ఏదో ఒక "సహజ" మందు కోసం చూడటం తప్పు కాదు.

కానీ లెక్క చూడండి. ఎకరం చెరువు, 4 అడుగుల నీళ్లు. సుమారు 49 లక్షల లీటర్లు. లీటరుకి 1 గ్రాము చొప్పున 4,900 కిలోల ఎండు సారం కావాలి. మా దిగుబడి ప్రకారం 80 టన్నుల పైచిలుకు డొక్క పొడి చేసి మరిగించాలి. అదీ స్టాఫ్‌ని ఆపే మోతాదు. విబ్రియో కొవ్వు తెర ఉన్న జాతి, దానికి ఇది చాలదు.

పోనీ కాస్త పోసి చూద్దాం అంటారా, అలా పోసిన ఒకాయన దగ్గరికి నేను వెళ్లాను. పేరు, ఊరు అనవసరం. నానబెట్టిన డొక్క నీళ్లు పది పన్నెండు డ్రమ్ములు సాయంత్రం వదిలాడు. నీళ్లు టీ రంగుకి తిరిగాయి. తెల్లవారుజామున నాలుగింటికి నేను చేరేసరికి రొయ్యలు గట్టు వెంట నీటి పైకొచ్చి కొట్టుకుంటున్నాయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లన్నీ ఆడుతున్నాయి. డొక్క నీళ్లలో టానిన్ ఒక్కటే రాదు, చక్కెరలు, రకరకాల కుళ్లే పదార్థం వస్తుంది. చెరువులోని బ్యాక్టీరియా వాటిని తింటూ ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. మీటరు పెడితే ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఊగుతోంది, అది చాలా తక్కువ. పైగా రంగు నీళ్లలో ఎండ దిగదు, పగలు ఆక్సిజన్ చేసే ఆల్గే కూడా దెబ్బతింటుంది. కేరళ బ్యాక్‌వాటర్లలో పీచు కోసం డొక్కలు నెలల తరబడి నానబెట్టే చోట్ల చేపలు బతకకపోవడానికీ కారణం ఇదే, దానికి కుళ్లు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ తోడు. బ్యాక్టీరియాని చంపుతుందని పోసింది బ్యాక్టీరియాకే మేత అయింది. ఆయన సగం నీళ్లు మార్చి, రాత్రంతా డీజిల్ కాల్చి ఒడ్డున పడ్డాడు.

సబ్బు గురించి క్లుప్తంగా. కాస్టిక్ సోడాతో ఇంట్లో చేసే సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది, అంటే క్షారం. టానిన్ లాంటి ఈ పాలీఫినాల్స్‌కి క్షారం పడదు. గాలి తగలగానే ఆక్సిడైజ్ అయి ముదురు గోధుమరంగుకి తిరుగుతాయి. మీరు వేసిన యాంటీఆక్సిడెంట్ సబ్బు గట్టిపడేలోగానే ఖర్చయిపోతుంది, మిగిలేది రంగు. రంగు బాగుంటుంది, ఒప్పుకుంటాను. మా దగ్గర అలా చేసిన సబ్బు ముక్కని డీపీపీహెచ్‌లో వేస్తే ఊదా రంగు పెద్దగా కదల్లేదు. అయినా చేతుల మీది క్రిమిని తీసేది సబ్బూ, నీళ్లూ, రుద్దడమూ. దానికి డొక్క సాయం అక్కర్లేదు. అమ్మాలనుకుంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద తయారీ లైసెన్సు తీసుకోవాలి. తామర పోతుంది, గజ్జి పోతుంది అని చీటీ మీద రాస్తే అది కాస్మెటిక్ కాదు, మందు కిందికి వస్తుంది, ఇంకో తలనొప్పి. కొబ్బరి చిప్పలు కాల్చి తీసిన నల్లటి నూనెని తామరకి రాసే అలవాటు మనవాళ్లలో ఉంది. అందులో ఫినాల్స్ ఉంటాయి కాబట్టి బూజు మీద పని చేయడం సహజమే. కానీ తారులో ఉండే క్యాన్సర్ కారకాలు కూడా అందులో దిగుతాయి. మందుల షాపులో తామరకి క్లోట్రిమజోల్ ట్యూబు ఉండగా అది ఎందుకు?

ఇక జీడి తొక్క. ఇక్కడ నేను సరదాగా మాట్లాడలేను.

డొక్కకీ దీనికీ పోలికే లేదు. బ్యాక్టీరియా మీద దీని బలం నిజంగా గట్టిది. తొక్కని విరిస్తే లోపల తేనెపట్టులా చిన్న చిన్న గదులు, వాటినిండా జీడి నూనె. తొక్క బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అదే. చల్లగా తీస్తే అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆసిడ్, తర్వాత కార్డోల్, కార్డనోల్. అనకార్డిక్ ఆసిడ్ స్టాఫ్‌ మీద, పళ్లు పుచ్చించే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ మీద చాలా తక్కువ మోతాదులోనే పని చేస్తుందని 1990ల నుంచీ తెలుసు. దాని ఒక చివర టానిన్‌లా ఫినాల్, ఇంకో చివర పొడుగాటి కొవ్వు తోక. ఆ తోక క్రిమి పొరలోకి గుచ్చుకుంటుంది. ఆ కొవ్వు తోక వల్లే అది మీ చర్మంలోకీ సులువుగా దిగుతుంది.

జీడి, మామిడి, నల్లజీడి అన్నీ ఒకటే కుటుంబం. మామిడి సొన పెదవి మీద పడితే పుండు పడటం, చాకలి గుడ్డలకి గుర్తులు పెట్టే నల్లజీడి తగిలితే ఒళ్లు పొక్కడం మనం చూసినవే. జీడి తొక్క వాటికి తీసిపోదు. ఒక వేసవిలో నేను గ్లవ్స్ ఉన్నాయి కదా అని ధైర్యంగా పచ్చి తొక్కలు దంచించాను. గ్లవ్‌కీ చొక్కా చేతికీ మధ్య ఉన్న అంగుళం మణికట్టు మీద ఎప్పుడు చిందిందో తెలియలేదు. ఆ రోజు ఏమీ లేదు. మూడో రోజుకి దురద, తర్వాత ద్రాక్షపండంత పొక్కులు, మూడు వారాలు. మచ్చ ఇప్పటికీ ఉంది.

వేయిస్తే మంచిదవుతుందా అని మీకు అనిపించొచ్చు. డ్రమ్ములో వేయించినప్పుడు ఆ వేడికి అనకార్డిక్ ఆసిడ్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనోల్ అవుతుంది. అంటే మీరు కోరుకున్న బ్యాక్టీరియాని చంపే గుణం తగ్గుతుంది, కార్డోల్ మంట మిగులుతుంది. ఆవిరి మీద ఉడికించిన పిక్కల తొక్కలో అనకార్డిక్ ఆసిడ్ చాలావరకు అలాగే ఉంటుంది. ఇంట్లో మరిగిస్తే ఆవిరితోపాటు లేచే ఘాటు కళ్లకీ ఊపిరికీ చేటు. ఆ తొక్కల్ని పొయ్యిలో కట్టెలుగా వాడటం కూడా మానాలి, భగ్గున మండుతాయి కానీ పొగ ప్రమాదం. జీడి నూనెకి అసలైన చోటు వేరే ఉంది. పడవ అడుగులకి, చెదలు పట్టే కర్రకి పూతగా, రంగుల్లో, బ్రేక్ లైనింగుల్లో. తొక్కలు కొని నూనె తీసే మిల్లులకే అమ్మండి. అది చక్కటి ఆదాయం.

మరి ఏదీ పనికిరాదా అంటే, అలా కాదు. నేను నిజంగా ముచ్చటపడేది ఎవరూ పట్టించుకోని సరుకు గురించి: జీడిపప్పు మీద ఉండే ఎర్రటి పలచని పొర, పొట్టు. దాంట్లో కెటెచిన్, ఎపికెటెచిన్ దండిగా ఉంటాయి. తోలు పదును చేయడానికీ కొంటారు. ఒకసారి దీని సారాన్ని వేరుశనగ నూనెలో కొద్దిగా కలిపి, ఉత్త నూనె సీసా పక్కనే 60 డిగ్రీల ఓవెన్లో పెట్టి నూనె ముక్కుతోందని చెప్పే పెరాక్సైడ్‌ని రోజూ కొలిచాం. ఉత్త నూనె ముందు ముక్కింది, పొట్టు కలిపింది ఇంకొన్నాళ్లు ఆగింది. యాంటీఆక్సిడెంట్ అనే మాటకి ఆ రోజు నాకు సరైన అర్థం కనిపించింది. ఆ గుణం పనికొచ్చేది మన రక్తంలో కన్నా నూనె డబ్బాలో. చిక్కు ఏంటంటే ఇవి నీళ్లలో కరిగే సరుకు, నూనెలో అడుగుకి దిగిపోతాయి. దాన్ని కలపడమే పెద్ద విద్య, అక్కడే కంపెనీల కష్టమంతా. ఇంకో జాగ్రత్త, పొట్టులో పచ్చి తొక్క ముక్కలు కలిస్తే మళ్లీ జీడి మంట. జల్లించి, ఏరి, అప్పుడే ముట్టుకోవాలి.

వేరుశనగ పొట్టు సంగతి ఇంకా తేలిక. కషాయం ఎందుకు, వేయించిన పల్లీల్ని పొట్టు ఊదకుండా తినండి. బూజు వాసన, ముడతలు, నల్లమచ్చలు ఉన్నవి మాత్రం పారేయండి, కోళ్లకి కూడా వేయకండి. మీ వీడియోలో చూపించిన ఆకుపచ్చ తొక్క బహుశా వాల్‌నట్‌ది. అందులో జగ్లోన్ అనే ఇంకో పదార్థం ఉంటుంది, చేతికి అంటితే వారం పోదు. కాశ్మీరులో ఆ చెట్టు బెరడుతో పళ్లు తోముతారు. మన గోదారి మట్టిలో ఆ చెట్టు రాదు, దాని గుణాలు తెచ్చి కొబ్బరికి అంటగట్టకూడదు. వక్క పైతొక్క గురించి కూడా కొందరు అడుగుతారు. వక్కనే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటి పట్టికలో పెట్టారు. దాని జోలికి పోకండి.

డొక్కలతో మీరు చేయగలిగింది చెప్పమంటే, రంగు. నూలు గుడ్డకి డొక్క కషాయం పట్టిస్తే లేత గోధుమ, పటిక కలిపితే ఇంకొంచెం నిలిచే రంగు, అన్నభేది నీళ్లలో ముంచితే బూడిద నలుపు. అన్నభేది ఎక్కువైతే గుడ్డ పెళుసెక్కుతుంది, కాబట్టి తక్కువే వాడండి. ఇనుప గిన్నె వద్దు, స్టీలు వాడండి. ఇంతకన్నా పెద్ద ఎత్తున అయితే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లని అడిగితే పీచు, పొట్టుల మీద మంచి సలహా ఇస్తారు. మొక్కలకి వాడే పొట్టుని ముందు మంచినీళ్లతో కడగమనేది కూడా ఈ టానిన్, ఉప్పులు వదలడానికే. మీరు మందు అనుకున్నది వాళ్లు కడిగి పారబోస్తారన్నమాట.

చివరగా, మీరు అడగలేదు గానీ, అమ్మగారి చేతుల గురించి. జీడి నీళ్లకి పోదు. పనికి ముందు చేతులకి ఆముదం పట్టించుకోవాలి, మధ్యమధ్యలో మళ్లీ రాసుకోవాలి. ఇంటికొచ్చాక ముందు నూనె రుద్ది, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు. పలచటి తెల్ల రబ్బరు గ్లవ్స్ జీడి నూనెకి ఉబ్బి చిల్లులు పడతాయి. మందంగా వచ్చే నైట్రైల్ గ్లవ్స్ అడిగి కొనండి. అవి మణికట్టు దాటి పైదాకా ఉన్నాయో లేదో చూసి మరీ తీసుకోండి.